లింగాల బస్సు నేర్పిన పాఠం



నేను బి.ఇడి. చదివింది గుంటూరులో. నిరుడు జూన్‌లో ఇంగ్లీష్ టీచర్‌గా చేరి, లింగాలలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. రోజూ పొద్దున మీ పిల్లలతో పాటే స్కూల్ బస్ ఎక్కుతాను.

తెలుగు నాకు బాగా వచ్చనే అనుకున్నాను. మొదటి వారమే ఇంటి ఓనరమ్మ "పుంటికూర వండిన, తింటవా బిడ్డా?" అని అడిగితే అదేం కూరో తెలియలేదు. తీరా చూస్తే మా గోంగూర! ఇంకో సాయంత్రం బస్ దిగుతుంటే ఒక పాప "మొగులైంది మేడమ్, జల్ది పోండ్రి" అంది. మొగులంటే మబ్బని అర్థమయ్యేలోపే నిలువునా తడిసిపోయాను.

జపాన్‌లో 1987 నుంచి 'జెట్' అనే ప్రభుత్వ కార్యక్రమం నడుస్తోంది. విదేశీ యువత అక్కడి పల్లెటూరి బడుల్లో కూడా ఇంగ్లీష్ నేర్పుతారు. భాష రాని ఊళ్లో వాళ్లు పడే తిప్పలు చదివి నవ్వుకునేదాన్ని. లింగాలకు వచ్చాక ఆ నవ్వు తగ్గింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నిరుడు మొదటి పేరెంట్స్ మీటింగ్‌లో "ఇంట్లో తెలుగు తగ్గించండి, ఇంగ్లీష్‌లోనే మాట్లాడండి" అని మీలో చాలామందికి చెప్పాను. అందరూ తలూపారు.

ఈ జూన్‌లో నాలుగో తరగతి పిల్లలను వేసవి సెలవుల గురించి రాయమన్నాను. ఒక పాప చార్మినార్ చూసొచ్చానని ఒక్క తప్పు లేకుండా రాసింది. 'గుడ్' అని పెట్టాను. సాయంత్రం బస్‌లో "చార్మినార్ నచ్చిందా?" అని అడిగితే తల దించుకుంది. "పోలేదు మేడమ్. గైడ్‌ల ఉంటే రాసిన" అంది.

మరి ఎక్కడికి వెళ్లావంటే, ముఖం వెలిగిపోయింది. చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం జాతరకు వెళ్లారట. నాన్న చెయ్యి పట్టుకుని రాళ్ల మీదుగా లోయలోకి దిగడం, పైనుంచి దూకే చల్లటి నీళ్లు, దారి పొడుగునా జనం "వస్తున్నం లింగమయ్యా" అని అరవడం... లింగాల వచ్చేదాకా చెబుతూనే ఉంది. క్లాసులో ఏడాదిగా నేను విననంత మాట, ఆ ఒక్క ప్రయాణంలో విన్నాను.

మర్నాడు పాపను బస్ ఎక్కించడానికి వచ్చిన వాళ్లమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె నెమ్మదిగా అంది: "మాకు ఇంగ్లీష్ రాదాయె. మీరేమో తెలుగు వద్దంటిరి. నేను మాట్లాడితే దాని చదువు చెడిపోతదేమోనని, ముచ్చట పెట్టుడే తక్కువ చేసిన మేడమ్."

ఆ రోజంతా పాఠం చెబుతున్నానే గానీ ఆ మాటే చెవుల్లో తిరిగింది. వేరుశనగ పంట అమ్మి ఫీజు కట్టే తల్లి, నా సలహా విని బిడ్డతో మాట్లాడడం మానుకుంది.

ఆ వారం పాప సలేశ్వరం కథ ముందు తెలుగులో చెప్పింది, తర్వాత ఇద్దరం కలిసి ఇంగ్లీష్‌లోకి తెచ్చాం. ఆరు వాక్యాలు వచ్చాయి. మూడింట్లో తప్పులున్నాయి. అయినా అవి తన సొంత వాక్యాలు. ఇప్పుడు క్లాసులో చెయ్యి ఎత్తుతోంది.

జపాన్ బడుల్లో ఆ విదేశీ టీచర్ పక్కన సాధారణంగా ఒక జపాన్ టీచర్ కూడా ఉంటారు. పిల్లల భాష తెలిసిన మనిషి తోడుంటేనే కొత్త భాష తలకెక్కుతుంది. మన పిల్లలకు ఆ రెండో టీచర్ మీరే.

కాబట్టి నిరుడు చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాత్రి అన్నం తినేటప్పుడు ఓ పది నిమిషాలు "ఇయ్యాల ఏమైంది?" అని అడగండి. మీకు వచ్చిన భాషలోనే, మీ ఇంటి యాసలోనే అడగండి. వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి. చెప్పడానికి వాళ్ల దగ్గర ఒక మాట ఉంటే, దాన్ని ఇంగ్లీష్‌లోకి తేవడం నా పని.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్