మామయ్యగారి బ్రెడ్డు

మా చిన్నప్పుడు ఇంట్లో బ్రెడ్డు కనిపించిందంటే ఎవరికో జ్వరం వచ్చిందనే. పాలల్లో ముంచి, ముఖం చిట్లించుకుని మింగేవాళ్ళం. కాపురానికొచ్చాక చూస్తే మా మామయ్యగారికి జ్వరంతో పనే లేదు. రాజమండ్రిలో తెల్లారగానే వీధి చివర బేకరీకి నడుచుకుంటూ వెళ్ళి, అప్పుడే బట్టీలోంచి తీసిన బ్రెడ్డు కాగితంలో చుట్టించుకుని తెచ్చుకునేవారు. రెండు ముక్కలు, ఒక గ్లాసు టీ. ఎండైనా వానైనా అదే వరస.

పోయినేడు మావారికి గోవాలో వాస్కోకి బదిలీ అయింది. అత్తయ్యగారు కాలం చేసి అప్పటికి ఆరు నెలలు. మామయ్యగారిని ఒక్కరినీ వదల్లేక మాతో తీసుకొచ్చేశాం. ఇల్లు సర్దుకోవడం, అమ్మాయి కాలేజీ, గ్యాస్ కనెక్షన్... ఆ హడావిడిలో ఆయన తిండి తగ్గిందని నేను గమనించేసరికి నెల దాటింది. ఇడ్లీ పెడితే ఒకటి, ఉప్మా పెడితే రెండు చెంచాలు. ఒకరోజు మావారితో అంటుంటే నా చెవిన పడింది.

"నన్ను అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కించెయ్యరా. రాజమండ్రిలో దిగి ఇంటికి వెళ్ళిపోతాను."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఇంట్లో ఒక్కరూ ఎలా ఉంటారు? నేనేం తక్కువ చేశాను? ఆలోచించగా ఆలోచించగా బ్రెడ్డు గుర్తొచ్చింది.

మర్నాటి నుంచి వేట మొదలు. సూపర్ మార్కెట్ ప్యాకెట్ బ్రెడ్డు తెచ్చాను. "తియ్యగా ఉందమ్మాయ్" అన్నారు. గోధుమ బ్రెడ్డు తెచ్చాను, టీలో ముంచగానే విడిపోయి అడుగుకి చేరింది. ఆటో ఎక్కి మార్కెట్లో బేకరీకి వెళ్ళి తెచ్చాను. "బాగానే ఉంది" అన్నారు గానీ, సగం పక్కన పెట్టేశారు.

నా తిప్పలు విని పై అంతస్తు ఆవిడ నవ్వింది. "బ్రెడ్డు కోసం ఊరంతా తిరగడమెందుకు? రోజూ గేటు దగ్గరికే వస్తుంటే!"

పొద్దున్నే బోంయ్ బోంయ్ మని హారన్ వినిపిస్తుంటే ఏ ఐస్‌క్రీమ్ బండో అనుకున్నాను. అతను పొదేర్. సైకిల్ వెనక పెద్ద గంప, పైన నీలం పట్టా. పోర్చుగీసువాళ్ళు 1961లో వెళ్ళిపోయినా వాళ్ళ రొట్టె ఇక్కడే ఉండిపోయింది. పూర్వం ఆ పిండిని కొబ్బరికల్లుతో పులియబెట్టేవారట. మెత్తగా ఉండేది పావ్. గుండ్రంగా, పైన గట్టిగా ఉండేది ఉండో. తవుడు అద్దుకుని, లోపల గుల్లగా ఉండేది పొయి. ఆ పేరు వినగానే నాకు వంటింటి పొయ్యే గుర్తొచ్చింది! కరకరలాడే గాజులాంటిది కాంకణ్. అది మన కంకణమే కదా! చదివిన తెలుగు బీఏ ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

పరుగున కిందికి వెళ్ళి పొయిలు తెచ్చి పెట్టాను. మునుపటికంటే నయం. కానీ ఇంకా ఒక ముక్క మిగులుతూనే ఉంది.

ఓ వారం తర్వాత నేను స్నానాల గదిలో ఉండగా హారన్ మోగింది. తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసుంది, మామయ్యగారు లేరు. నా ప్రాణం ఎగిరిపోయింది. మెట్లదాకా వెళ్ళానో లేదో, లుంగీ ఒక చేత్తో, గుడ్డసంచీ ఒక చేత్తో పట్టుకుని ఎక్కి వస్తున్నారు.

"నాలుగు పొయిలు, రెండు కంకణాలు. వాడికి తెలుగు రాదు, నాకు వాడి భాష రాదు. వేళ్ళు చూపించాను. చిల్లర సరిగ్గానే ఇచ్చాడు."

ఆ రోజు రెండు పొయిలు తిన్నారు. ఒకటి నా పళ్ళెంలో వేశారు, "వేడిగా ఉంది, నువ్వూ తినమ్మా" అని.

ఆయన చేతిలో ఉన్న ఒక్క పనీ లాగేసుకుని, పళ్ళెంలో పెట్టి తినమంటున్నానని నాకు అప్పుడు తెలిసింది. ఇంటికి తనుగా ఏదో తేవడం ఆయనకి కావాలి. అది ఏ బేకరీలో దొరుకుతుంది?

ఇప్పుడు హారన్ మోగినా నేను కదలను. సంచీ తలుపు వెనక మేకుకి తగిలించి ఉంటుంది. మొన్న మళ్ళీ అమరావతి మాటెత్తారు. నా గుండె జారింది.

"సంక్రాంతికి ఓసారి వెళ్ళొద్దామా అమ్మాయ్? మన బేకరీ అబ్బాయికి ఈ పొయి చూపించాలి" అన్నారు.

వెళ్ళిపోతానన్న మనిషి వెళ్ళొద్దామన్నారు. నాకది చాలు.