తీపి విరిగిన తరువాత

‘రుచి తెలిసినవాడు’ అనే బిరుదు మన సంఘంలో అందరికీ సమానంగా దక్కదు. పరదేశపు సీసా విప్పి, వాసన చూసి నాలుగు మాటలు చెప్పినవాడు రసికుడు. లొట్టిలోని కల్లు ఏ జామున ఎలా ఉంటుందో చెప్పగలవాడు మాత్రం వట్టి కల్లుగీసేవాడు!

ఈ సంగతి మొన్న షేక్‌పేటలో మా మేనల్లుడి ఇంట నాకు బాగా తెలిసివచ్చింది. వాడు నాలుగేళ్లు ఒసాకాలో ఉద్యోగం వెలగబెట్టి, వస్తూ వస్తూ ఒక సాకే సీసా తెచ్చాడు.

“ఇది కారకుచి, మామయ్యా! జపాను భాషలో ‘కార’ అంటే కారమే. కాని ఇక్కడ మాత్రం తీపి తక్కువదని అర్థం” అన్నాడు.

ఉడికించిన బియ్యానికి కోజీ అనే బూజు పట్టిస్తే అందులోని పిండి చక్కెరగా మారుతుంది. ఈస్టు ఆ చక్కెరను మద్యం చేస్తుంది. చక్కెర ఎంత తక్కువ మిగిలితే సాకే అంత ‘కారం’ అన్నమాట. మద్యం నూటికి 15 పాళ్ల దాకా ఉంటుంది.

“మన ఇంటావంటా లేదురా!” అని గొణుగుతూనే అక్కయ్య గాజు గ్లాసులు బయటికి తీసింది. వంజరం వేపుడూ, కొరమీను పులుసూ వడ్డించింది.

పై అంతస్తులో ఉండే రిటైర్డు హెడ్మాస్టరుగారిని కూడా పిలిచారు. ఆయన వేపుడు ముక్క తిని ఒక గుక్క తాగి, “నూనె జిడ్డును చక్కగా కోసేసింది” అన్నారు. పులుసు తిన్నాక మరో గుక్క తాగి తల అడ్డంగా ఊపారు.

“చింతపండు ముందు ఇది నిలవలేదు. ఇది పొద్దుటి కల్లు వంటిది కాదు బాబూ, పొద్దు వాలిన కల్లు. తీపి విరిగింది. అయితే కల్లుకు తీపి విరిగేసరికి పులుపు ఎక్కుతుంది. దీనికి అంత ఎక్కలేదు.”

మేనల్లుడు తెల్లబోయాడు. “ఇంత కచ్చితంగా ఎలా చెప్పారండీ?”

“మా నాయన భువనగిరి దగ్గర చెట్లెక్కేవాడు. చలికాలం ఈత, ఎండకాలం తాడు. చుక్క నాలుక మీద వేసుకుని, దింపి ఎన్ని గంటలైందో చెప్పేవాడు.”

“పదకొండేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నారు. ఎన్నడూ చెప్పలేదేం, అన్నయ్యగారూ?” అంది అక్కయ్య.

“మొదట్లో ఒకరిద్దరికి చెప్పానమ్మా. వెంటనే మాట మార్చేశారు” అని ఆయన నవ్వారు. ఆ నవ్వు మాలో ఎవరికీ అంటలేదు.

జపానులో ఏ చేపకు ఏ సాకే నప్పుతుందో చెప్పడానికి పరీక్షలు ప్యాసై పట్టాలు పుచ్చుకున్నవారుంటారు. అదే విద్య మన తాటివనంలోనూ ఉన్నది. లేనిదల్లా పట్టా! 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ తెరిచారు. పులియని చెట్టునీటికి ఆపాటి గౌరవం దొరికింది. దాన్ని చెట్టెక్కి దింపి, పులిసేదాకా కనిపెట్టి, గంటగంటకూ రుచి పోల్చగల మనిషికి అది ఎన్నడు దొరుకుతుందో!