ఆరు కలిమాలు, మా జేజి

టౌన్లో పెళ్లికి వెళ్లినప్పుడల్లా మా దూదేకుల పిల్లలకు ఒక పరీక్ష ఉండేది. ఉర్దూ మాట్లాడే పెద్దమనిషి ఎవరో ఒకరు మమ్మల్ని దగ్గరకు పిలిచి, తల మీద చెయ్యి వేసి, "కల్మా పఢో బేటా" అనేవాడు. మాటలో ప్రేమే ఉండేది. కానీ చుట్టూ కూర్చున్నవాళ్లు మాటలాపి మా నోటివైపు చూసే చూపులో ఇంకేదో ఉండేది. ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లం. మా ఆడవాళ్ల పేర్లు మస్తానమ్మ, దస్తగిరమ్మ; మగవాళ్లవి హుసేనప్ప, మాబప్ప. వీళ్లు నిజంగా ముసల్మానులేనా అన్న అనుమానం తీర్చుకోవడానికి వాళ్ల దగ్గరున్న గీటురాయి ఆ కలిమా, అంటే విశ్వాస వాక్యం, ఒక్కటే. మొదటిది చెబితే రెండోది అడిగేవాళ్లు. నాలుగో దానికి వచ్చేసరికి మాలో సగం మందికి నోరు తడారిపోయేది.

అందుకే మా జేజి మమ్మల్ని చీకటితోనే లేపేది. కడప జిల్లాలో మాది చిన్న ఊరు. మసీదుకు మినారు కూడా లేదు, సున్నం కొట్టిన గోడలు, ముందు వేపచెట్టు. ఫజర్ నమాజు అయ్యాక మాకు చదువు చెప్పే హజరత్ వసారాలో చాప పరిచేవాడు. చిన్నవాళ్ల ముందు అక్షరాలు నేర్పే ఖాయిదా, పెద్దవాళ్ల ముందు రిహాల్ మీద ఖుర్ఆన్. అరబ్బీ అక్షరాలు కూడబలుక్కునే దాకా మాకు తెలుగు లిపే దిక్కు. మా నాయన రూళ్ల నోటుబుక్కులో ఆరు కలిమాలూ తెలుగులో రాసిచ్చాడు. తయ్యిబ్, షహాదత్, తమ్జీద్, తౌహీద్, ఇస్తిగ్‌ఫార్, రద్దె కుఫ్ర్. ఆ పేర్ల కింద ఎర్ర సిరాతో గీతలు. గొంతు లోపలినుంచి పలికే అక్షరాలకు తెలుగులో సమానమైనవి లేవు కాబట్టి అలాంటి చోట్ల చుక్క పెట్టేవాడు. చుక్క కనిపిస్తే హజరత్ ముఖం చూడాలి. ఆయన గొంతు మీద వేలు పెట్టుకుని పలికి చూపించేవాడు.

"అవ్వల్ కలిమా తయ్యిబ్" అని ఒకడు ఎత్తుకుంటే మిగతావాళ్లం అందుకునేవాళ్లం. సాయంత్రం బడి పిల్లలంతా కలిసి మా అరుగు మీద ఎక్కాలు అప్పజెప్పుకునేవాళ్లం, వేమన పద్యాలు వల్లెవేసేవాళ్లం. పొద్దున నేర్చినదీ సాయంత్రం నేర్చినదీ ఒకే రాగంలో సాగేవి. పొరుగింటి రెడ్ల పిల్లవాడికి వినీ వినీ మొదటి రెండు కలిమాలు వచ్చేశాయి. వాళ్లమ్మ నవ్వుతూ వినేదే తప్ప వద్దనలేదు.

జేజికి చదువు లేదు. ఏ లిపిలోనూ తన పేరు రాయడం రాదు. ఆరు కలిమాలూ మాత్రం నోటికి వచ్చు. ఆమె వాటిని చదివే తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పరుపుల కాలంలో నాయన వసారాలో దూది ఏకేవాడు. పైనుంచి వేలాడదీసిన పెద్ద విల్లు, దానికి నరంతో చేసిన తీగ, ఆ తీగ మీద కొయ్య గూటంతో కొడితే మోగే శబ్దం. తీగ దూదికుప్పలో దిగి పైకి లేస్తుంటే ముద్దలు విడిపోయి నురగలా పొంగేవి. జేజి ముక్కుకూ నోటికీ కొంగు అడ్డం చుట్టుకుని పక్కన కూర్చుని గింజలూ నలకలూ ఏరేది. తీగ దెబ్బకొక మాట చొప్పున కొంగు కింద ఆమె పెదవులు కదిలేవి. దుమ్ములో ఆమె కనురెప్పలు కూడా తెల్లగా అయిపోయేవి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తి ఆగమని, చదువుతున్న కలిమా ముగించాకే బదులిచ్చేది.

నేను కడపలో కాలేజీలో చేరిన ఏడాది, ఊరికి బయటినుంచి వచ్చిన ఒక యువకుడు మసీదులో మాట్లాడుతూ, ఈ ఆరు కలిమాలు ఖుర్ఆన్‌లో లేవు, ప్రవక్త ఇలా అంకెలు వేసి చెప్పలేదు, ఇవి మన దేశంలో పుట్టిన పద్ధతి అన్నాడట. ఆ మాట సాయంత్రానికి ఆడవాళ్ల దాకా వచ్చింది. నేను సెలవులకు ఇంటికి వచ్చేసరికి జేజి గడపలో కూర్చుని ఉంది.

"నువ్వు సదువుకున్నోనివి గదా నాయనా. యాడుందో సూసి సెప్పు. లేకుంటే లేదని సెప్పు. ఇన్నేండ్లూ నేను సదివింది ఏందో నాకు తెల్సాల."

ఆ అడగడంలో భయం ఉంది, పట్టుదలా ఉంది. ఒక జన్మంతా పెదవుల మీద ఉన్న మాట గురించి అడుగుతోంది. నేను ముందు తెలుగులో దొరికినవి చదివాను. ఖుర్ఆన్‌ను మొదట తెలుగు చేసినవారు చిలుకూరి నారాయణరావు గారు, అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పిన పండితుడు. మా సీమలోనే ఆ పని జరిగిందని తెలిశాక నాకు గర్వంగా అనిపించింది. ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే హదీసుల కోసం మాత్రం కడపలో ఒక వృద్ధ ఆలిమ్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఉర్దూ యాస కలిసిన తెలుగులో ఓపికగా చెప్పేవాడు, అరబ్బీ పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించేవాడు.

ఆ యువకుడు చెప్పినదాంట్లో నిజం ఉంది. ఆరు అనే లెక్క, వాటి పేర్లు, ఆ వరుస ఖుర్ఆన్‌లోనూ లేవు, హదీసుల్లోనూ లేవు. అరబ్బు దేశాల పిల్లలకు ఈ జాబితా తెలియదు. ఇది మన ఉపఖండంలోని మసీదు బళ్లయిన మక్తబుల్లో, చదువురాని జనానికి నోటిపాఠంగా చెప్పడానికి కూర్చిన వరుస. కానీ కూర్చిన ముక్కలు ఎక్కడివని వెతికితే కథ మారిపోతుంది.

మొదటి కలిమాలో రెండు భాగాలు. అల్లాహ్ తప్ప వేరే ఆరాధ్యుడు లేడన్న మొదటి భాగం ఖుర్ఆన్‌లో 37వ సూరా 35వ ఆయతులో, 47వ సూరా 19వ ఆయతులో అవే అక్షరాలతో ఉంది. ముహమ్మద్ అల్లాహ్ ప్రవక్త అన్న రెండో భాగంతో 48వ సూరా 29వ ఆయతు మొదలవుతుంది. రెండూ ఒకే ఆయతులో కలిసి రావు. వాటిని కలిపి సాక్ష్యంగా పలకడం హదీసుల్లో అడుగడుగునా ఉంది. ఇస్లాం అంటే ఏమిటని జిబ్రయీల్ దూత మనిషి రూపంలో వచ్చి అడిగితే ప్రవక్త మొదట చెప్పినది ఈ సాక్ష్యమే. హజరత్ ఉమర్ చెప్పగా విన్న ఆ హదీసు సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. మేము విశ్వాసపు పాఠంగా నేర్చుకున్న ఈమానె ముఫస్సల్ కూడా ఆ సంభాషణలోంచి వచ్చినదే. రెండో కలిమా షహాదత్‌ను నమాజులో కూర్చున్నప్పుడు చదివే తషహ్హుద్‌లో రోజూ చదువుతూనే ఉంటాం.

నాలుగో కలిమా దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. పెళ్లిళ్లలో మమ్మల్ని ఏడిపించినది అదే మరి. రాజ్యం ఆయనదే, స్తోత్రం ఆయనదే అన్న ముక్క 64వ సూరా మొదటి ఆయతులోది. ప్రాణం పోసేదీ తీసేదీ ఆయనే, అన్నిటికీ సమర్థుడు ఆయనే అన్నది 57వ సూరా రెండో ఆయతులోది. ఈ రెండు ముక్కలనూ కలిపి ఒక వాక్యంగా చెప్పడం మన మక్తబులతో మొదలవలేదు. జెరూసలేంలో ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 72లో, అంటే క్రీ.శ. 691-92లో కట్టించిన కుబ్బతుస్సఖ్రా గోపురం లోపలి గోడ మీద, నీలి నేల మీద బంగారు రంగు గాజుపలుకులతో అదే కూర్పు రాసి ఉంది. ప్రవక్త కాలం చేసి అప్పటికి 60 ఏళ్లు. మా నాయన ఎర్ర సిరాతో గీత గీసిన నోటుబుక్కులోని వాక్యం, 13 వందల ఏళ్లనాటి గోపురం లోపల కూడా ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఐదేళ్ల తర్వాత అదే ఖలీఫా వేయించిన బంగారు దీనారు మీద కూడా బొమ్మ లేదు, ఈ సాక్ష్యమే ఉంది.

ఐదో కలిమా మాటలు అదే కూర్పులో ఏ ఒక్క హదీసులోనూ దొరకవు. క్షమాపణ వేడమన్న ఆజ్ఞ ఖుర్ఆన్ నిండా ఉంది కాబట్టి దాని భావానికి లోటు లేదు. ఆరోది అలా కాదు. తెలిసి నీకు ఎవరినైనా సాటి కల్పించకుండా నన్ను కాపాడు, తెలియక చేసినదానికి క్షమించు అన్న దాని మొదటి భాగం ప్రవక్త తన సహచరుడు అబూబక్ర్‌కు నేర్పిన దుఆ. బుఖారీ గారి అల్ అదబుల్ ముఫ్రద్‌లో ఉంది. ఆ సందర్భంలోనే ప్రవక్త, షిర్క్, అంటే దేవునికి సాటి కల్పించడం, మీలో చీమ నడక కన్నా రహస్యంగా కదులుతుందన్నాడు. అబూబక్ర్ అంతటివాడికే ఆ మాట చెప్పారంటే, ఎదుటివాడి విశ్వాసాన్ని తూచడానికి కూర్చునేవాళ్లు ముందు ఈ హదీసు చదవాలి. ఆరో కలిమా తర్వాతి భాగం పండితులు చేర్చినది.

నోటికి వస్తే చాలు అని కూడా ఖుర్ఆన్ అనలేదు. మేం విశ్వసించామని చెప్పిన ఎడారి అరబ్బులతో, లొంగిపోయామని చెప్పండి, విశ్వాసం ఇంకా మీ గుండెల్లోకి దిగలేదు అంటుంది 49వ సూరా. కపటులు వచ్చి నువ్వు దేవుని ప్రవక్తవని సాక్ష్యమిస్తే, వాళ్లు అబద్ధమాడుతున్నారని దేవుడే సాక్ష్యం చెబుతాడు 63వ సూరాలో. అంటే గుండెలో ఏముందో తెలిసినవాడు ఒకడున్నాడు. ఆ పని మనుషులకు అప్పగించలేదు.

దీనికి నిదర్శనంగా బుఖారీ, ముస్లిం ఇద్దరూ నమోదు చేసిన సంఘటన ఒకటుంది. యుద్ధంలో ప్రవక్త సహచరుడు ఉసామా బిన్ జైద్ కత్తి ఎత్తగానే ఎదుటివాడు కలిమా పలికాడు. ప్రాణభయంతో పలికాడనుకుని ఉసామా అతన్ని చంపేశాడు. ప్రవక్తకు ఈ సంగతి తెలిసి, అతని గుండె చీల్చి చూశావా అని నిలదీశాడు. ఉసామా అంటే ఆయనకు ఎంత ప్రేమో అందరికీ తెలుసు. అయినా ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ వేశాడు. అంతకుముందు నేను ముసల్మాను కాకుండా ఉండి, ఈ రోజే అయి ఉంటే బాగుండేదని ఉసామా అనుకునేంతగా అడిగాడు. ఆలిమ్ గారు ఇది చెబుతున్నప్పుడు నాకు టౌన్ పెళ్లి పందిళ్లు గుర్తొచ్చాయి. పలికినవాణ్ణి లోపలికి తీసుకోవడానికి ఇచ్చిన మాట అది. మా పిల్లల్ని గుమ్మం దగ్గర నిలబెట్టడానికి దాన్ని వాడడం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక మూడో కలిమా. అది మా జేజికి అన్నిటికన్నా ఇష్టం. దాని వెనుక ఉన్న కథ అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఒక మనిషి ప్రవక్త దగ్గరికి వచ్చి, నాకు ఖుర్ఆన్‌లో ఏదీ నేర్చుకోవడం చేతకావడం లేదు, దానికి బదులు సరిపోయేది ఏదైనా నేర్పమన్నాడు. ప్రవక్త అతనికి ఈ మాటలే నేర్పాడు: అల్లాహ్ పరిశుద్ధుడు, స్తోత్రం ఆయనకే, ఆయన తప్ప ఆరాధ్యుడు లేడు, ఆయనే గొప్పవాడు, ఆయన లేనిదే ఏ శక్తీ లేదు. ఆ మనిషి అంతటితో పోలేదు. ఇవన్నీ అల్లాహ్ కోసం, మరి నా కోసం ఏముంది అని అడిగాడు. కరుణ, తిండి, ఆరోగ్యం, దారి అడుక్కోవడం నేర్పాడు ప్రవక్త. అతను లేచి, చెయ్యి ముందుకు పట్టి చూపిస్తూ వెళుతుంటే, ఇతను తన చెయ్యి మేలుతో నింపుకున్నాడు అన్నాడట.

సెలవు రోజు సాయంత్రం ఇదంతా జేజికి చెప్పాను. అంకెలు లేవన్నది దాచలేదు, ఐదో దాని సంగతీ చెప్పాను. సూరాల నంబర్లు చెబుతుంటే ఊరికే తలూపింది. కుబ్బతుస్సఖ్రా గోడ సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. ఈ మనిషి కథ దగ్గర మాత్రం గింజలు ఏరే చేతులు ఆపి, "నాకేముంది అని అడిగినాడా? అంత ధైర్నంగానా?" అంది. అడిగాడన్నాను. "ఆయప్ప కోప్పడలేదా?" లేదన్నాను. "మరి ఆ పిల్లోడు అట్ల చెప్పి పోయినాడే, ఈ కత తెలీదేమో పాపం. మళ్ల వచ్చినప్పుడు నువ్వుండి సెప్పు" అని మళ్లీ పనిలో పడింది.

మరునాడు బావి దగ్గర ఆడవాళ్లందరికీ ఆ కథ తెలిసిపోయింది. ఎదురింటి చిన్నమ్మ నాకే తిరిగి చెప్పింది. అప్పటికి కథలో మనిషి మారిపోయాడు. జేజి చెప్పిన ప్రకారం ప్రవక్త దగ్గరికి వచ్చినవాడు ఒక దూదేకులాయన. భుజాన విల్లు, తలనిండా దూది. చదువు రాదు, పరుపులు కుట్టే పని తొందరగా పూర్తిచేయాలి, వాకిట్లో ఎవరో ఎదురుచూస్తున్నారు. అందుకే నిలబడే నేర్చుకుని వెళ్లిపోయాడట.