రాళ్లు కొట్టే చేతులు

ఎనిమిదో తరగతిలో ఉండగా మా వార్డెన్ సారు మమ్మల్ని ముప్కాల్ నుండి ఆర్మూర్ మీదుగా బస్సులో నిజామాబాద్ తీసుకెళ్లారు. తిలక్ గార్డెన్‌లో 2001లో ఏర్పాటైన పురావస్తు మ్యూజియం చూపించారు. పాత రాతియుగం నుండి విజయనగర కాలం దాకా వస్తువులున్నాయి. మిత్రులంతా కత్తులు, బిద్రీ పాత్రల చుట్టూ గుమిగూడారు. నేను రాతి పనిముట్ల దగ్గరే నిలబడిపోయాను.

మా బాపు రాళ్లు కొట్టే కూలీ. హాస్టల్‌లో మాత్రం వ్యవసాయం అని చెప్పేవాణ్ణి. బాపు చూడవస్తే గేటు బయటే మాట్లాడి పంపేవాణ్ణి.

"మనిషి మొట్టమొదట నేర్చిన పనుల్లో రాయి చెక్కడం ఒకటిరా" అన్నారు సారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మరుసటి ఆదివారం బాపును చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఆ అరచేతి కాయలు మిత్రులందరికీ చూపించాను. తమ్ముళ్లారా, మీ వాళ్ల పనిని మీరూ దాచకండి.