ఇంటికొక్క ఫొటో

మన పల్లెల్లో క్రిస్మస్ కానుకలంటే చాలాకాలం వరకు పెద్ద లెక్కలేమీ ఉండేవి కావు. పిల్లలకు ఒక జత కొత్త బట్టలు, సండే స్కూలులో పంచే బన్నూ మిఠాయీ, పెద్దలకు కొత్త సంవత్సరపు క్యాలెండరు, చేతిలో నాలుగు రూపాయలుంటే ఇంటావిడకు ఒక నూలు చీర. అంతటితో పండుగ నిండుగా జరిగిపోయేది. అటువంటి రోజుల్లో, 1994 క్రిస్మస్‌కు, వరంగల్ జిల్లాలో నర్సంపేట దాటిన తర్వాత ఉండే మా చిన్న ఊరికి ఒక కెమెరా కానుకగా వచ్చింది. దాని వెంట వచ్చిన సంగతులు ఇప్పటి కుటుంబాలకు కూడా పనికివస్తాయని నాకు తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దానిని పంపినవాడు మా మేనమామ. దుబాయిలో కట్టడం పనికి వెళ్లి అప్పటికి మూడేళ్లయింది. పక్క ఊరివాడొకడు సెలవు మీద వస్తూ ఒక చిన్న డబ్బా తెచ్చి మా నాయన చేతిలో పెట్టాడు. అందులో నల్లని యాషికా కెమెరా, 36 ఫొటోల కలరు రీలు ఒకటి, రెండు పెన్సిల్ సెల్లులు, మడిచిన ఉత్తరం ఉన్నాయి. "బావా, అమ్మ మొఖం చూసి మూడేండ్లాయె. కలలకు అస్తున్నది గాని మొఖం సక్కగ కనవడ్తలేదు. ముందుగాల అమ్మ ఫొటో తీసి పంపుండ్రి. మిగిలినయి మీ ఇష్టం" అని రాశాడు. ఆ ఉత్తరం చదివేటప్పుడు మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకోవడం నాకింకా గుర్తే. పేరుకు అది మాకు పంపిన కానుక. నిజానికి దూరదేశంలో ఉన్న ఒక కొడుకు తన తల్లిని చూపించమని అడిగిన మనవి.

కెమెరాను కానుకగా ఇవ్వడం మా ఊరికి కొత్త గాని లోకానికి పాత సంగతే. మొదట్లో ఫొటో అనేది ధనవంతుల వస్తువు. మన హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ కోటలను, దర్బారులను, వేటలను చిత్రాలుగా తీశాడు. పరదాలో ఉండే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా తెరిచాడు. కాని ఆ స్టూడియో మెట్లెక్కగలిగిన కుటుంబాలు కొద్దే. అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ అనే ఆయన నెలకొల్పిన కొడాక్ కంపెనీ 1900లో ఒక్క డాలరుకు బ్రౌనీ అనే డబ్బా కెమెరాను అమ్మకానికి పెట్టింది. అప్పటినుంచి కెమెరా సామాన్యుల ఇంట్లో అడుగుపెట్టింది. అదే కంపెనీ 1930లో తన 50 ఏళ్ల పండుగ సందర్భంగా, ఆ ఏడు 12 ఏళ్లు నిండే పిల్లలకు దాదాపు 5 లక్షల కెమెరాలను ఉచితంగా పంచింది. కెమెరా ఉచితమే గాని తర్వాతి రీళ్లు కొనుక్కోవాలి కదా! వ్యాపారి లెక్క వ్యాపారికి ఉంటుంది.

మా ఇంటిలోనూ రీలు దగ్గరనే లెక్క మొదలైంది. నేనప్పుడు హన్మకొండలో ఇంటర్ చదువుతున్నాను. స్నేహితులతో వేయిస్తంభాల గుడి దగ్గర, ఖిలా వరంగల్‌లో రాతి తోరణాల కింద, రామప్ప చెరువు కట్ట మీద నిలబడి ఫొటోలు దిగాలని మనసులో గట్టిగా అనుకున్నాను. మా నాయన ప్రాథమిక పాఠశాలలో పంతులు. ఆయన నన్ను కూర్చోబెట్టి, "కెమెరా మనింటికి అచ్చింది గాని మనొక్కలదే కాదు బిడ్డా. మన వాడకట్టుల ఎవరింట్ల ఫొటో ఉన్నదో, ఎవరింట్ల లేదో ముందుగాల లెక్కవెట్టుకొని రా" అన్నాడు.

నేను పలకా బలపం పట్టుకున్నట్టు ఒక నోటుబుక్కు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాను. మా వాడకట్టులో 31 ఇళ్లు. ఫొటో ఉన్న ఇళ్లు ఏడే ఏడు. ఆ ఏడింటిలో మూడు ఇళ్లలోవి బతికుండగా తీసినవి కావు. మన పల్లెల్లో పెద్దవారికి తెలుసు: ఇంట్లో పెద్దదిక్కు చనిపోతే, బతికుండగా ఒక్క ఫొటో కూడా లేదని అప్పటికప్పుడు పట్నం నుంచి ఫొటోగ్రాఫరును పిలిపించేవారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, తల వాలకుండా వెనుకనుంచి ఒకరు పట్టుకుంటే ఫొటో తీసేవాడు. ఆ ఫొటోనే అద్దం కట్టించి గోడకు వేలాడదీసేవారు. మనుమలు, మనుమరాండ్లు తాతను ఆ మూసిన కళ్లతోనే ఎరుగుదురు. మరికొందరికి ఉన్న ఒకే ఒక్క బొమ్మ ఓటరు గుర్తింపు కార్డు మీదిది. శేషన్ గారు ఎన్నికల ప్రధాన కమిషనరుగా ఉన్నప్పుడు 1993లో ఫొటో కార్డులకు ఉత్తర్వు వచ్చిన తర్వాతనే మన పల్లెల్లో ఎందరో పేదలు జీవితంలో మొదటిసారి కెమెరా ముందు కూర్చున్నారు. ఆ కార్డు మీద ముఖమేదో మచ్చ ఏదో పోల్చుకోవడమే కష్టం.

నా నోటుబుక్కు చూసి నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంటికొక్క ఫొటో" అన్నాడు. 31 ఇళ్లకు 31. అమ్మమ్మకు వేరుగా ఒకటి. పండుగనాడు సంఘమంతటికి కలిపి రెండు. మిగిలిన రెండే నావి. ఖర్చెవరు పెట్టుకుంటారని అమ్మ అడిగింది. నాటుకు పోయిన ఆడమనిషికి రోజుకు ఇరవై రూపాయలు వచ్చే కాలంలో, రీలు కడిగించి 36 ప్రింట్లు వేయించడమంటే మాటలు కాదు. ఇవ్వగలవారు ఐదు రూపాయలు ఇస్తారని, ఇవ్వలేనివారిని అడగవద్దని నాయన తేల్చాడు. అందులో న్యాయముందని అమ్మ కూడా ఒప్పుకుంది.

ఆ కెమెరాను నడపడం కష్టం కాదు. దూరం సరిచూసే పని లేదు. మనిషిని అయిదారడుగుల దూరంలో నిలబెట్టి మీట నొక్కడమే. నొక్కిన తర్వాత వేలితో చక్రం తిప్పితే రీలు ఒక గడి ముందుకు జరుగుతుంది. కాని 100 నంబరు రీలుకు వెలుగు బాగా కావాలి. అందుకని పొద్దున ఎనిమిదింటికీ పదింటికీ మధ్య, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, అందరినీ వాకిట్లోకి పిలిచి తీశాను. అయ్యో, ఆ వాకిళ్ల సంబరం చూడవలసిందే! పండుగకు దాచిన చీరలు నాలుగు రోజుల ముందే బయటికి వచ్చాయి. ఒక ఇంటివారు తమ రెండు ఎడ్లను కూడా పక్కన నిలబెట్టమన్నారు. "గవి మా ఇంటి మనుషులే గదా" అన్నాడాయన. నిజమే, ఆ ఇంటిని పోషించింది ఆ ఎడ్లే.

గుడిలో గంట కొట్టే అవ్వ ఒంటరిది. నా ఒక్కదానికి ఒక ఫొటో ఎందుకు, వేరేవాళ్ల పక్కన నిలబెట్టు అన్నది. ఇంటికొక్కటి అంటే నీ ఇంటికీ ఒకటే అని నాయన ఆమెను గంట తాడు దగ్గరే నిలబెట్టించాడు.

ఒకే ఒక్క ఇంటి పెద్దాయన రానన్నాడు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆయన నమ్మకం. పిల్లలు నవ్వబోతే నాయన కసిరాడు. "ఆయన మొఖం ఆయనది. అద్దన్నోళ్లను తీయగూడదు" అన్నాడు. ఆ ఇంటి ముందు కెమెరా మూత తీయకుండానే వచ్చేశాము.

ఆ ఏడు క్రిస్మస్ ఆదివారం వచ్చింది. ఆరాధన ముగిసిన తర్వాత గుడి ముందు అందరినీ వరుసలు కట్టించి రెండు ఫొటోలు తీశాను. జనవరిలో హన్మకొండ చౌరస్తాలో రీలు కడిగించి, ప్రింట్ల కవరు సంచిలో పెట్టుకొని, బస్సులో దారి పొడుగునా దాన్ని ఒడిలోనుంచి దించలేదు. పంచే రోజు కొందరు ఐదు రూపాయలిచ్చారు, కొందరు చిక్కుడుకాయలిచ్చారు, ఒకామె నాలుగు కోడిగుడ్లు తెచ్చింది. గంట కొట్టే అవ్వ ఫొటోను అటూ ఇటూ తిప్పి, "గిది నేనేనా బిడ్డా? నేను మా అవ్వ తీరుగున్ననే" అన్నది. తన తల్లి రూపమెట్లా ఉండేదో ఆమె ఎన్నో ఏళ్ల తర్వాత తన ముఖంలోనే చూసుకుంది. ఆ మాట విన్నప్పుడు, వేయిస్తంభాల గుడి దగ్గర నా ఫొటోలు ఎట్లా వచ్చాయో చూడాలన్న ఆత్రం కూడా తగ్గిపోయింది.

అమ్మమ్మ ఫొటో విమానపు టపాలో దుబాయికి వెళ్లింది. 1996 వానకాలంలో ఆమె కన్నుమూసింది. మామ పనిచేసే చోట సెలవు దొరకలేదు, మట్టికి అందలేకపోయాడు. 1998లో తిరిగి వచ్చినప్పుడు చొక్కా జేబులోంచి ఆ ఫొటో తీసి చూపించాడు. మూలలు అరిగిపోయాయి, మధ్యలో మడత గీత పడింది. "కడసారి చూపు లేదని అందరంటరు. నేను రోజు చూసిన" అన్నాడు. మేమెవ్వరమూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఫొటో వద్దన్న పెద్దాయన సంగతి కూడా చెప్పాలి. 1999లో ఆయన పోయినప్పుడు ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి తీసే ఫొటో తనకు వద్దనీ, బతికున్న ముఖం ఎక్కడైనా దొరుకుతుందా అనీ అడిగింది. నాయన నెగెటివుల కవరు తీసి, దీపానికి అడ్డంగా పట్టుకొని ఒక్కొక్క గడి వెదికాడు. క్రిస్మస్‌నాటి గుంపు ఫొటోలో, అందరి వెనుక, చివరన, ఎవ్వరూ పిలవకుండానే వచ్చి నిలబడ్డ ఆయన కనిపించాడు. తలపాగా కట్టుకొని, నేరుగా కెమెరా వైపే చూస్తున్నాడు. ముఖం శెనగగింజంత. ఆమె సరేనన్న తర్వాతనే నెగెటివును పట్నం తీసుకువెళ్లి ఆ ముఖం మట్టుకు పెద్దది చేయించాము. కొంచెం గరుకుగా వచ్చింది గాని, కళ్లు తెరిచి ఉన్నాయి. ఆ ఇంటి గోడ మీద ఇప్పటికీ ఆ కళ్లు తెరిచే ఉన్నాయి.

ప్రియ పాఠకులారా, ఇప్పుడు కాలం మారింది. రీలు లేకుండా ఫొటో తీసే యంత్రాన్ని కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ 1975లోనే తయారుచేశాడు. మూడున్నర కిలోలకు పైగా బరువున్న ఆ యంత్రానికి ఒక్క బొమ్మను క్యాసెట్టు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. చివరకు ఆ దారిలోనే లోకమంతా నడిచింది. రీళ్ల మీద బతికిన కొడాక్ కంపెనీ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. మా యాషికా అద్దానికి లోపల వానకాలపు చెమ్మతో బూజు పట్టి, ట్రంకుపెట్టెలో పడి ఉంది. ఈనాడు మన పిల్లలు పండుగకు అడిగే కానుక మంచి కెమెరా ఉన్న సెల్‌ఫోను. ఒక్క పండుగనాడే రెండు మూడు వందల ఫొటోలు తీస్తున్నారు. ఇది మంచిదే. ముఖం లేకుండా మట్టిలో కలిసిపోయే కాలం పోయింది.

కాని ఒక చిక్కున్నది. ఫొటోలు తీసేది ఎక్కువ, చేతికిచ్చేది తక్కువ. ఫోను పగిలినా, పోయినా, నీళ్లలో పడినా అన్నీ ఒక్కసారే పోతాయి. ఇంట్లోని ముసలవ్వకు ఫోను తెరవడం రాదు, తన ఫొటో తానే చూసుకోలేదు. అందుచేత నాకు తెలిసిన కొన్ని పనులు చెబుతాను. ఈ పండుగకు తీసినవాటిలో కనీసం నాలుగైదింటిని ప్రింటు వేయించండి. వెనుక పెన్సిలుతో మెల్లగా పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. యాభై ఏళ్ల తర్వాత ఆ పేర్లు చెప్పడానికి మనముండము. పాత నెగెటివులుంటే పారేయకండి, చెమ్మ తగలని చోట కాగితపు కవర్లలో ఉంచండి. ఫోనులోని ఫొటోలను మరొక చోట కూడా దాచిపెట్టండి.

2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిన సంగతి మనకు తెలుసు. వరద తగ్గిన ఇళ్లలో తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోతే గుంజకూడదు. శుభ్రమైన చల్లని నీటిలో నాననిచ్చి, నెమ్మదిగా విడదీసి, బొమ్మ ఉన్న వైపు పైకి పెట్టి నీడలో ఆరబెడితే చాలావాటిని కాపాడుకోవచ్చు.

ఇంకొక్క మాట. ఎవరినైనా తీసే ముందు అడగండి. పేదవారినీ, రోగులనూ, దుఃఖంలో ఉన్నవారినీ అడగకుండా తీసి పదిమందికి పంపడం మర్యాద కాదు. అడిగి తీసిన తర్వాత మాత్రం, తీసిన ఫొటో వారికి చేరేదాకా ఆ పని పూర్తికాలేదని అనుకోండి. కెమెరా కొనేవారికి డబ్బులుంటే చాలు. ఒక ఇంటి ముఖాన్ని ఆ ఇంటికి ఇవ్వడానికి కొంచెం తీరిక కావాలి, కొంచెం ఓపిక కావాలి. మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మ ఎవరైనా ఉంటే, ఈ క్రిస్మస్‌కు ఆమె వాకిట్లో పొద్దుటి ఎండలో నిలబెట్టి ఒక్క ఫొటో తీయండి. ప్రింటు వేయించి, కొత్త సంవత్సరం రాకముందే ఆమె చేతిలో పెట్టి రండి.