ఎడారి గడపలో రాగపాఠం

స్వరలిపి తెలియని మాంగణియార్లకు శిక్షణ లేదనుకోవడం పొరపాటు. వారిని వేధిస్తున్న కొరత వేరు

జైసల్మేర్ కోట గోడలు సాయంత్రపు ఎండకు బంగారు రంగు తేలే వేళకు, దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని సమ్ ఇసుక తిన్నెల దగ్గర పర్యాటక శిబిరాల్లో పాట మొదలవుతుంది. రంగురంగుల తలపాగాలు, వేళ్ల మధ్య టకటకలాడే ఖర్తాళ్ చెక్కలు, మైకు అక్కర్లేని గొంతులు. ఏ బడిలోనూ నేర్వకుండానే ఇంత విద్యా అని సందర్శకులు ముక్కున వేలేసుకుంటారు. అందులో సగమే నిజం.

జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లోనూ, సరిహద్దుకు ఆవల సింధ్‌లోనూ ఉన్న మాంగణియార్లు వంశపారంపర్య గాయకులు. వారు ముస్లింలు. పోషకుల్లో ఎక్కువ మంది హిందువులు, ముఖ్యంగా రాజపుత్రులు. తెలంగాణలోని ఆశ్రిత కులాల సంగతి తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. జజ్మాన్ ఇంట బిడ్డ పుట్టినా, పెళ్లి జరిగినా మాంగణియార్ వచ్చి పాడాలి, ఆ ఇంటి వంశాన్ని కీర్తించాలి. ప్రతిఫలంగా కట్నకానుకలు అందుకోవడం అతని హక్కు. కృష్ణ భజనలు, సూఫీ గీతాలు ఒకే గొంతులో పలుకుతాయి.

ఈ విద్యకు సిలబస్ లేదు గానీ క్రమం ఉంది. పిల్లవాడు పెద్దల పక్కన కూర్చుని వింటాడు, చరణం చివర గొంతు కలుపుతాడు, తర్వాత ఖర్తాళ్ పడతాడు. మామిడి కొయ్యను తొలిచి, మేక చర్మం బిగించి చేసే కమాయిచాపై చెయ్యి కుదరడానికి ఏళ్లు పడుతుంది. మాండ్, సోరఠ్ వంటి రాగాలను పేరుపెట్టి గుర్తుపట్టగల జ్ఞానం ఇలా వచ్చిందే. హమీరా గ్రామానికి చెందిన కమాయిచా విద్వాంసుడు సాకర్ ఖాన్‌కు 2012లో, గాయకుడు అన్వర్ ఖాన్‌కు 2020లో పద్మశ్రీ దక్కింది కూడా ఈ చదువుతోనే.

పరీక్షాధికారి మాత్రం జజ్మానే. ఏ సందర్భానికి ఏ పాటో ఆ ఇంటివారికి తెలుసు. పొరపాటు దొర్లితే పట్టేస్తారు.

విజయ్‌దాన్ దేథాతో కలిసి 1960లో బోరుందాలో రూపాయన్ సంస్థాన్‌ను స్థాపించిన కోమల్ కొఠారీ ఈ సంగీతాన్ని రికార్డు చేసి, కళాకారులను ఊరు దాటించి వేదికలెక్కించారు. 2006లో రోయిస్టన్ ఏబెల్ రూపొందించిన 'ద మాంగణియార్ సెడక్షన్' దేశదేశాలు తిరిగింది. డబ్బు, గౌరవం పెరిగాయి. అయితే వేదికకు సమయం తక్కువ. రాత్రంతా సాగే పాట అక్కడ నిమిషాల్లో ముగియాలి. భాష తెలియని శ్రోతకు హుషారైన లయ చాలు. అందుకే అడిగిన పాటలే మళ్లీమళ్లీ పాడతారు. పురిటి పాటను, వంశగానాన్ని అడిగేవారు ఆ శిబిరాల్లో కనిపించరు.

సంగీతానికి పట్టా అవసరం లేదని ఈ ఎడారి ఎప్పుడో తేల్చింది. తప్పు పట్టగల శ్రోత మాత్రం తప్పనిసరి. జజ్మాన్ కుటుంబాలు పట్నాలకు తరలి, పాత బంధం పలచబడుతున్నకొద్దీ మాంగణియార్ కోల్పోతున్నది పోషకుణ్ని మాత్రమే కాదు, గురువులో సగాన్ని కూడా.