కానరాని డిస్కు

మా అమ్మ గతించి నాలుగేండ్లయినది. తునికాకు కత్తిరించుచు ఆమె పాడిన బతుకమ్మ పాటలు పదునొకండు నాయొద్ద నుండెను. నాయొద్ద ననుటకంటె, కోరుట్లలో మా యింటి లాప్‌టాపులో నుండెననుట నిజము. వానిని పట్టిన ఫోను ఎన్నడో పోయినది. వేఱొకచోట ప్రతి లేదు. ఈ తప్పు నాదే. మినపపప్పును సైతము రెండు డబ్బాలలో దాచుకొను నేను అమ్మ గొంతును ఒక్కచోటనే యుంచితిని.

ఎంగిలిపూల బతుకమ్మకు రెండు దినములు ముందుగా ఆ పాటలు విందమని యంత్రమును తెఱచితిని. నల్లని తెరపై తెల్లని యక్షరములతో నొక యాంగ్లవాక్యము నిలిచెను. తన్ను నడిపింపవలసిన డిస్కు కానరాలేదని దాని భావము. ఆపి మరల పెట్టితిని, అదే మాట. దుబాయిలోనున్న మావారికి ఫోను చేయగా, యంత్రము మేలుకొనునప్పుడే ఎఫ్‌2 మీటను పలుమారు నొక్కి చూడుమనిరి. కొన్ని యంత్రములకు ఎఫ్‌10, కొన్నిటికి డిలీటు మీట పనిచేయునట. అట్లు నొక్కిన యంత్రము తన యవయవముల పట్టికను చూపును. అందు అన్నియు నున్నవి గాని, డిస్కు పేరుండవలసిన చోటు శూన్యము. నాకు కాలుచేయి ఆడలేదు.

మరునాడు జగిత్యాలకు పోతిని. అచ్చట నొక దుకాణములో మూతయైనను విప్పకయే, “డిస్కు పోయిందమ్మా, కొత్తది వేసుకోండి. అందులో ఉన్నవాటి మీద ఆశ పెట్టుకోకండి” అనిరి. నాడి పట్టకయే చెప్పిన ఆ మాట నా మనసునకు ఎక్కలేదు. యంత్రమును సంచిలో పెట్టుకొని వేములవాడ మీదుగా సిరిసిల్లలోని మా అన్నగారింటికి పోతిని. మా మేనల్లుడు డిప్లొమా చదివినవాడు.

వారి యింటి ప్రక్కనే సాంచాల షెడ్డు గలదు. మరమగ్గములను అచ్చట సాంచాలందురు. సాంచా నిలిచినంత మాత్రమున మోటారు కాలినదని అచ్చట నెవరు ననరు. మొదట తెగిన పోగును వెదకుదురు. మావాడును అట్లే, “అత్తా, ఈ నడుమ ఇది ఎక్కడన్న కింద పడ్డదా?” అని యడిగెను. అప్పుడు గాని నాకు జ్ఞాపకము రాలేదు. మా చిన్నవాడు చార్జరు తీగ లాగగా అది మంచము మీదినుండి జారిపడి యుండెను.

వాడు యంత్రమునకు చెవి యానించి వినెను. మావంటి పాత డిస్కులో అద్దమువలె నున్న పళ్లెములు నిమిషమునకు 5,400 మారులు తిరుగుచుండును. వానిని తాకకయే ఒక చిన్న తల వాని మీదుగా సంచరించుచు చదువును. టక్కుటక్కున కొట్టుకొను చప్పుడు వచ్చినచో ఆ తల చెడినదేమోయని యనుమానింపవలెను. అట్టిచో, సోదరీమణులారా, మరల మరల పెట్టి చూడకుడు, పళ్లెము గీచుకొనిపోవును. దానిని మంచుపెట్టెలో నుంచిన బాగగునను మాట నేనును వింటిని; చెమ్మ పట్టుటయే దాని ఫలము. క్రొత్త యంత్రములలోని ఎస్‌ఎస్‌డీలకు తిరుగు పళ్లెములే లేవు గనుక వానికి ఈ చెవిపరీక్ష చెల్లదు. 1956లో ఐబీఎం వారు చేసిన తొలి డిస్కు యంత్రమున రెండడుగుల పళ్లెములు 50 ఉండెను. అన్నియు కలిసి పట్టినవి 50 లక్షల యక్షరములు. మా అమ్మ పాడిన పెద్ద పాట యొక్కటియైనను అందు పట్టదు!

మా డిస్కునుండి మెత్తని తిరుగుడు చప్పుడు తప్ప మరేమియు రాలేదు. వాడు యంత్రము నాపి, బ్యాటరీని వేరుచేసి, మరలు విప్పెను. డిస్కును మదర్‌బోర్డును కలుపు బద్దీవంటి తీగ యొకటి కానవచ్చెను. డిస్కు చివర సమాచారమునకు 7, విద్యుత్తునకు 15 పండ్లుండును. తీగను ఊడదీసి, తుడిచి, బిగించి చూచెను. పట్టికలో మరల శూన్యమే. వదినె తెచ్చిన చాయ నాచేతిలోనే చల్లారినది.

అప్పుడు వాడు డిస్కును వెలికి దీసి, యూఎస్‌బీ పెట్టెలో నమర్చి, తన కంప్యూటరునకు తగిలించెను. ఇట్లు తగిలించినప్పుడు “ఫార్మాటు చేయుదునా?” యని కంప్యూటరు అడిగినచో వద్దనవలెను; ఔనన్నచో లోపలివాని యాచూకీ చెఱిగిపోవును. మాకా ప్రశ్న రాలేదు. కొంతసేపటికి తెరమీద మా ఫోల్డర్ల పేర్లు ఒక్కొక్కటిగా వెలసెను.

“డిస్కు మంచిగనే ఉన్నది అత్తా. పోయింది తీగనే.”

ఆ తీగ వెల 350 రూపాయలు! దానిని తరువాత తెప్పింతమని, ముందుగా పాటలకు ప్రతులు తీయించితిని. ఒకటి అన్నగారింట నుంచితిని. ఒకటి దుబాయికి పంపితిని. పెన్‌డ్రైవులోని ప్రతి నేడు మా బీరువాలో నగల డబ్బాలో నున్నది.

సరిచూచుటకై వాడొక పాట పెట్టెను. అమ్మ గొంతు, దాని వెనుక కత్తెర చప్పుడు. పాట నడుమ వాకిట నెవరో తలుపు తట్టగా అమ్మ ఆగి, “ఎవరూ?” అనెను. వంటయింటిలోనున్న మా వదినె పరాకున, “నేనే అత్తమ్మా!” యని పలికెను.